ఎరవు మాటలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పాఠశాలలలో చదువు ముగించి పై చదువులకు బోవు బాలబాలికలకు, కళాశాలలోను పిదప విశ్వవిద్యాలయములోను క్రొత్తగా వినబడు మాట యొకటి కలదు. దానిని ఆంగ్లమున ప్లేజియరిజము అందురు. మన భాషలో గ్రంథచౌర్యమని వాడుక. ఒకరు వ్రాసిన మాటలను గాని, కనుగొనిన సంగతిని గాని, వారి పేరు చెప్పక తనవిగా చూపుట యని దీని యర్థము. పాఠశాల విడుచునంతవరకు ఈ మాట చాలమంది చెవిని బడదు. పడిన నాటికి అలవాటు ముదిరియుండును. కావున విద్యార్థులును, వారి తలిదండ్రులును దీనిని ముందుగానే యెరిగియుండుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పేరునకు మూలము లాటిన్ భాషలోనిది. మనుష్యుల నపహరించువానిని ఆ భాషలో ప్లేజియారియస్ అనిరి. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోము నగరమున మార్షల్ అను కవి యుండెను. అతని పద్యములను మరియొకడు తనవని సభలో చదువుచుండగా, మార్షల్ తన పద్యములను తాను విడుదల చేసిన దాసులతో పోల్చి, వారిని మరల చెరబట్టినవాడని యా దొంగకు ఈ పేరు పెట్టెను. నాటినుండి ఆ మాట గ్రంథముల దొంగకు నిలిచిపోయెను.

ఇది పరదేశపు భావమని తలంపరాదు. ఏడవ శతాబ్దిలో హర్షచక్రవర్తి యాస్థానమున నున్న బాణుడు తన హర్షచరితపు తొలిపలుకులలోనే కవిచోరుని ప్రస్తావించెను. ఇతరుల యక్షరములను మార్చి, కూర్పు గురుతులను దాచినను, సజ్జనుల నడుమ వాడు పట్టుబడకపోడని యాతని భావము. పదవ శతాబ్ది నాటి రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో, పరుల శబ్దమును గ్రహించుట యేది, అర్థమును గ్రహించుట యేది, అందు ఒప్పెంత, తప్పెంత యని అధ్యాయములకొలది చర్చించెను. అనగా నేడు విశ్వవిద్యాలయములు అడుగు ప్రశ్నలనే మన యాలంకారికులు వేయేండ్లకు పూర్వమే అడిగియుండిరి.

తెనుగు దేశమున ఒక చాటుకథ కలదు. శ్రీనాథుడు శ్రీహర్షుని నైషధమును తెనిగించి శృంగారనైషధమని పేరిడెను. అందు సంస్కృత సమాసములు మెండు. దానిని విన్న సంస్కృత పండితులు, నీ డుమువులను నీవు తీసికొని మా నైషధమును మాకిచ్చివేయుమని పరిహసించిరట. నవ్వుకొనుటకు కథ చక్కగానే యున్నది. కాని శ్రీనాథుని నెవ్వరును దొంగ యనలేదు. ఏలయనగా తాను తెనిగించునది శ్రీహర్షుని కావ్యమని ఆయన దాచలేదు. తాననుసరించిన పద్ధతిని గూడ గ్రంథములోనే చెప్పుకొనెను. అంతకు నాలుగు శతాబ్దులు ముందు నన్నయభట్టు భారతమును తెనిగించునపుడు, తనకు తోడ్పడిన నారాయణభట్టు పేరును గ్రంథమున నిలిపెను. నన్నయ ఆ పేరు చెప్పకుండిన యెడల నేడు మనకు నారాయణభట్టు చేసిన సాయమెట్లు తెలియును?

ఇక్కడనే అసలు సంగతి యున్నది. మామూలు దొంగతనమున వస్తువు యజమానునివద్ద నుండదు. దొంగ గొడ్డును తోలుకొనిపోయిన, కొట్టము ఖాళీ యగును. గ్రంథమట్లు కాదు. దానినుండి పది పుటలు ఎత్తి వ్రాసికొనినను, గ్రంథము గ్రంథకర్తవద్దనే యుండును. అందుచేతనే చాలమంది పిల్లలు, ఎవరి సొమ్ము పోయినదని అమాయకముగా అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పక వారిని దండించుట వ్యర్థము. మేము చెప్పు జవాబిది. పది యాజ్ఞలలో దొంగతనమును గూర్చినది ఎనిమిదవది. అబద్ధసాక్ష్యమును గూర్చినది తొమ్మిదవది. గ్రంథచౌర్యము పేరునకు ఎనిమిదవ యాజ్ఞలోనిది; స్వభావమునకు తొమ్మిదవ దానిలోనిది. వ్యాసము క్రింద పేరు వ్రాయుట, దీనిని నేను చదివితిని, నేను విచారించితిని, నేను చెప్పుచున్నాను అని సాక్ష్యమిచ్చుట. ఆ సాక్ష్యము అబద్ధమైనప్పుడు నష్టపోవువారు ముగ్గురు. మొదట శ్రమించి కనుగొనినవాడు. అతనికి రావలసిన పేరు రాదు. రెండవది చదువరి, సంగతిని మూలమునకు బోయి సరిచూచుకొను దారి అతనికి మూతపడును. మూడవవాడు వ్రాసిన విద్యార్థియే. తనకు రాని విద్య వచ్చినదని లోకమును, కొంతకాలమునకు తన్నును గూడ నమ్మించుకొనును.

చదువరికి కలుగు నష్టమును మన యూరి నిదర్శనముతో చూపుదము. మదనపల్లె చెంత ఆరోగ్యవరమున మిషనులు కలిసి క్షయరోగ వైద్యశాలను నెలకొల్పిరి. అక్కడి డాక్టరు ఫ్రిమోట్ మోల్లరు 1950 మొదలు 1955 వరకు చుట్టుపట్ల పల్లెల ప్రజలలో క్షయవ్యాధి యెట్లు వ్యాపించియున్నదో ఎక్స్‌రే పరీక్షలతో శోధించిరి. ఆ ఫలితములు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడెను. ఒక విద్యార్థి ఆ లెక్కలను తన వ్యాసమున చేర్చి, డాక్టరుగారి పేరును, సంవత్సరమును విడిచెననుకొనుడు. చదువరికి ఆ లెక్క నేటిదో, డెబ్బది యేండ్ల నాటిదో తెలియదు. మదనపల్లెదో, మరియొక చోటిదో తెలియదు. ఏ పరీక్షచేత తేలినదో తెలియదు. పేరు తీసివేసిన యా క్షణమున, లెక్క నిజమైనదే అయినను, సాక్షి లేని మాట యగును. రోగమునకు సంబంధించిన లెక్క సాక్షి లేనిదైనచో, దానిని నమ్మి పని చేయువారి గతి యేమి? మూలము పేరు చెప్పుట మర్యాదకొరకు మాత్రమే కాదు. నిజము చేతులు మారుచు చెడిపోకుండుటకును.

మన యూరికి మరియొక నిదర్శనము గలదు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి కొన్ని దినములు విడిది చేసిరి. అప్పుడే జనగణమన గీతమును ఆంగ్లములోనికి తామే మార్చి, భారతదేశపు ఉదయగీతమను నర్థము వచ్చు పేరు పెట్టిరి. కళాశాల యధ్యక్షుడు జేమ్సు కజిన్సుగారి భార్య మార్గరెట్టు కజిన్సుగారు ఆ పాటకు స్వరములను వ్రాసి నిలిపిరి. ఒక్క చిన్న గీతమునకు బంగాళీ మాటలు, ఆంగ్లానువాదము, స్వరలేఖనము అను మూడు పనులు. ఏ పని యెవరిదో చెప్పుకొనుచుండుట చేతనే మదనపల్లె పేరు ఆ గీతపు చరిత్రలో నిలిచినది. పేరు చెప్పుటచేత ఎవరి గౌరవమును తగ్గలేదు. పంచుకొనుటచేత ఊరికి గూడ భాగము వచ్చినది.

ఇక కుప్పమునకు వత్తము. తెలుగు, తమిళ, కన్నడ నాడులు కలియు ఆ చోట 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. అట్టి కూడలిలో పెరిగిన పిల్లలకు రెండు మూడు భాషలు పలుకుట సహజము. అది గొప్ప వరము. కాని దానితో ఒక చిక్కును కలదు. కన్నడ గ్రంథములోని విషయమును తెలుగున వ్రాసిన, మాటలన్నియు తనవే గదా యని విద్యార్థి తలచును. మాటలు తనవే, విషయము కన్నడ రచయితది. భాష మార్చినంత మాత్రమున ఋణము తీరదు. శ్రీనాథుడు మూలకర్త పేరు చెప్పెనని యిదివరకే చెప్పితిమి. ఆంగ్లమునుండి తెనుగునకు ఎత్తి వ్రాయుటయు నట్టిదే.

ఈ విషయమై విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘము, అనగా యు.జి.సి., 2018లో దేశమంతటికి నియమములను ప్రకటించెను. పరిశోధక విద్యార్థి సమర్పించిన గ్రంథమునకును ఇతరుల రచనలకును గల పోలికను కంప్యూటరు సాయమున లెక్కించి, ఆ నియమములు తప్పును ఇట్లు విభజించినవి. పోలిక నూటికి 10 వరకు ఉండిన శిక్ష లేదు. 10కి మించి 40 వరకు ఉండిన, ఆరు నెలలకు మించని గడువులో సవరించి మరల సమర్పింపవలెను. 40కి మించి 60 వరకు ఉండిన, ఒక సంవత్సరము వరకు సవరించిన ప్రతిని ఇయ్యరాదు. 60కి మించిన, ఆ చదువునకు పొందిన నమోదే రద్దగును. మూలము పేరు చెప్పి ఉదహరించిన భాగములను, గ్రంథముల పట్టికను, అందరెరిగిన సూత్రములను ఈ లెక్కలో చేర్చరు. ఈ మినహాయింపును శ్రద్ధగా గమనింపవలెను. పేరు చెప్పి తీసికొనినదానిని నియమమే తప్పుగా నెంచలేదు.

ఆ నియమములలో మరియొక విశేషము గలదు. తరగతి వ్యాసములు, ప్రాజెక్టు నివేదికలు, పరీక్షల జవాబులు వాని పరిధిలోనికి రావు. కొందరు విద్యార్థులు దీనిని వినిన సంతోషింతురు కాబోలు. మాకు మాత్రము వేరుగా తోచుచున్నది. చట్టము చేరని చోటనే మనస్సాక్షికి పని యుండును. తరగతి వ్యాసమున ఎత్తి వ్రాయుట నేర్చినవాడు పరిశోధనా గ్రంథమున ఒక్క రాత్రిలో మారడు. పైగా కంప్యూటరు అక్షరముల పోలికను చూచునే గాని మనుష్యుని యుద్దేశమును చూడలేదు. భాష మార్చి దాచినదానిని అది అనేక పర్యాయములు పట్టలేదు. పట్టుబడకుండుట వేరు, నిర్దోషి యగుట వేరు.

అలవాటు ఎక్కడ మొదలగునో నిజముగా చెప్పుకొందము. మన పాఠశాలలలో గైడు పుస్తకములోని వ్యాసమును పొల్లుపోకుండ అప్పగించినవానికి మెప్పు, మార్కులు వచ్చుచుండును. కంఠపాఠము చెడ్డది కాదు. ఎక్కములు, పద్యములు, వాక్యభాగములు కంఠస్థము చేయవలసినవే. కాని పదేండ్లు అప్పగింతకు మెప్పు పొందిన పిల్లవాడు విశ్వవిద్యాలయమున అడుగిడిన దినమున అదే పనికి శిక్ష పడునని ఎట్లెరుగును? వారి వంశమున కళాశాల గడప తొక్కినవాడు అతడే మొదటివాడైనచో, ఇంట చెప్పువారు నుండరు. ఆంగ్లము తడబడుచుండును, గడువు దగ్గరపడుచుండును, అచ్చులో నున్న మాట తన మాటకన్న అందముగా తోచును. భయమే అతనిచేత ఎత్తి వ్రాయించును, దురాశ కాదు. అట్టివాని సంవత్సరము వ్యర్థమైన, తల్లి కూలి డబ్బును వ్యర్థమగును. అందుచేత ఈ పాఠమును చెప్పవలసిన చోటు పాఠశాలయే గాని విచారణ సంఘము కాదు.

చెప్పుటకు ఉదాహరణము మేలు. పుంగనూరు ఆవును గూర్చి వ్యాసము వ్రాయవలసి వచ్చినదనుకొందము. ఒక గ్రంథకర్త ఇట్లు వ్రాసినట్లు ఊహింపుడు: పుంగనూరు ఆవు పొట్టిది, మేత కొరవడిన సంవత్సరములలోను తట్టుకొని పాలిచ్చుటచేత బీద రైతునకు ఆధారమాయెను.

ఒక విద్యార్థి దీనిని ఉన్నదున్నట్లు దింపెను. ఇది తప్పని యెల్లరకు తెలియును. రెండవ విద్యార్థి తెలివిగా ఇట్లు వ్రాసెను: పుంగనూరు గోవు కురుచది, గ్రాసము చాలని యేండ్లలోను నిలదొక్కుకొని క్షీరమిచ్చుటవలన పేద సేద్యగానికి ఆసరా యయ్యెను. ఇందు ఒక్క మాట తప్ప తక్కినవన్నియు మారినవి. అయినను ఎముకలు మొదటివే. తోలు మాత్రమే క్రొత్తది. బాణుడు చెప్పిన కూర్పు గురుతులను దాచుట యిదియే. ఇదియు తప్పే.

మూడవ విద్యార్థి ఇట్లు వ్రాసెను: కరవు కాలమున ఈ జాతి రైతునకు అక్కరకు వచ్చినది దాని యోర్పుచేతనే యని ఫలాని గ్రంథకర్త ఫలాని గ్రంథమున చెప్పిరి. మా యూరి వృద్ధ రైతు నొకరిని అడుగగా, ఓర్పుకన్న ముఖ్యము అది తక్కువ మేతతో తృప్తిపడుట యని వారు చెప్పిరి. ఈ రెండును ఒకే గుణమునకు రెండు ముఖములని మాకు తోచుచున్నది.

ఈ మూడవ వ్యాసమున గ్రంథకర్తకు ఆయన భాగము, రైతునకు ఆయన భాగము దక్కినవి. చిట్టచివర విద్యార్థిదియు ఒక వాక్యము కలదు. చిన్నదే అయినను అది తనది. గురువు వెదకునది ఆ ఒక్క వాక్యమునే. పుంగనూరు ఆవు పొట్టిదనుట లోకమెరిగిన సంగతి. పాలమనేరులోని పశు పరిశోధనా స్థానము ఆ జాతిని కాపాడు పనిలో నున్నదనుటయు నట్టిదే. అట్టివానికి పేరు చెప్పనక్కరలేదు. ఒకరు కొలిచి తేల్చిన కొలతకు, ఒకరు యోచించి చెప్పిన కారణమునకు, ఒకరి నోటి మాటకు పేరు చెప్పవలెను. వృద్ధ రైతు అచ్చులో లేడని ఆయన మాటను ఊరక వాడుకొనరాదు.

ఇక నోటుపుస్తకమును గూర్చి రెండు మాటలు. చదువునపుడు పుట పైభాగమున మొదట గ్రంథము పేరు, కర్త పేరు, సంవత్సరము, పుటసంఖ్య వ్రాయుడు. యథాతథముగా దింపికొనిన మాటలను వెంటనే ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచుడు. సొంత మాటలలో వ్రాయదలచిన, పుస్తకమును మూసి, పక్కవానికి చెప్పినట్లు చెప్పి చూచుకొని, పిదప వ్రాయుడు. పుస్తకము తెరచియున్నంతవరకు కలము దాని దారినే పోవును.

జ్ఞాపకమును నమ్ముకొని ఊరకుండరాదనుటకు హెలెన్ కెల్లరు చరిత్ర సాక్షి. కన్నులు, చెవులు లేని ఆ బాలిక 1891లో, పదునొకండు సంవత్సరముల వయస్సున, మంచురాజును గూర్చి ఒక కథ వ్రాసి, పెర్కిన్సు అంధుల పాఠశాల యధ్యక్షునికి జన్మదినపు కానుకగా పంపెను. అది అచ్చయిన పిదప, మార్గరెట్టు కాన్బీ యను రచయిత్రి కథకు దానికి గాఢమైన పోలిక గలదని తేలెను. ఆ చిన్నదానిని విచారణ చేసిరి. పూర్వమెన్నడో ఆ కథను ఆమెకు చదివి వినిపించియుండిరి. ఎవరిదో మరచి, మాటలు మాత్రము మనస్సున నిలిచినవి. తాను వ్రాయునది తనదో, పరులదో యను సంశయము చాలకాలము తన్ను బాధించెనని ఆమెయే 1903లో వెలువడిన తన జీవిత కథలో చెప్పుకొనెను. చదివిన దినముననే పేరు గుర్తుంచుకొనుట ఇట్టి బాధకు మందు.

ఈ కాలమున మరియొక చిక్కు వచ్చినది. 2022 చివర చాట్ జీపీటీ వెలువడినది మొదలు, అడిగినంతనే వ్యాసము వ్రాసియిచ్చు యంత్రములు పిల్లల చేతికి అందినవి. యంత్రమునకు పేరు ప్రతిష్ఠలు లేవు గదా, దానినుండి తీసికొనిన ఎవరికి నష్టమని అడుగవచ్చును. మొదట చెప్పిన మాటనే మరల చెప్పుచున్నాము. క్రింద సంతకము చేసినవాడు సాక్షి. తాను చదువని దానిని చదివితినని, యోచింపని దానిని యోచించితినని చెప్పినచో, మాటలు ఎవరివైనను సాక్ష్యము అబద్ధమే. పైగా ఆ యంత్రము లేని గ్రంథములను, లేని సంగతులను గూడ ఉన్నట్లు కల్పించి చెప్పుట కలదు. ఉపాధ్యాయులు అనుమతించిన చోట దాని సాయము తీసికొనిన, తీసికొంటిమని చెప్పుడు. అది చెప్పినదానిని మూలమునకు బోయి సరిచూడుడు.

ఎరవు సొమ్ము బరువు చేటని మన పెద్దల సామెత. పెండ్లికి తెచ్చిన ఎరవు నగ ఎవరిదో ఊరందరికి తెలిసినను సిగ్గులేదు. తనదని చెప్పుకొనినప్పుడే తల వంపులు. విద్యయంతయు ఎరవే. అక్షరములు గురువు లిచ్చినవి. మాటలు తల్లి యిచ్చినది. సంగతులు మనకు ముందు శ్రమించినవా రిచ్చినవి. ఎరవు తెచ్చుకొనుట దోషము కాదు. ఇచ్చినవానిని మరచుట దోషము. ఉపాధ్యాయులు అందమైన అప్పగింతకన్న వంకరగా నున్న సొంత వాక్యమునకు ఒక మార్కు ఎక్కువ వేయుదురు గాక. తలిదండ్రులు, ఎన్ని మార్కులు వచ్చినవని అడుగుటకు ముందు, ఇందు నీ వాక్యమేదని అడుగుదురు గాక. బాలబాలికలు ఆ ప్రశ్నకు వేలు పెట్టి చూపగల వాక్యమొకటి ప్రతి వ్యాసమునందును వ్రాయుదురు గాక.